వెంట పెద్దవాళ్లు ఉంటేనే

మా ఆయనకు పని లేకుండా కూర్చోవడం చేతకాదు. సకల జనుల సమ్మె మొదలై బడులు మూతపడ్డ నాలుగు రోజులకే ఆ సంగతి నాకు పూర్తిగా తెలిసివచ్చింది. పగలంతా కోరుట్ల బస్టాండు దగ్గర దీక్షా శిబిరంలో కూర్చునేవాడు, సాయంత్రం వచ్చి టీవీలో వార్తలు చూసేవాడు. పొద్దుటి పూట మాత్రం వంటింటి గడపలో నిలబడి, పప్పులో ఉప్పు ఎంత వేస్తున్నావని నన్ను అడిగేవాడు. ఇట్లా అయితే తెలంగాణ వచ్చేలోపే నేను మా పుట్టింటికి పోతానని ఒకరోజు చెప్పేశాను. పుట్టిల్లు సిరిసిల్ల. బస్సులు నడవడం లేదు, నడిచి అయినా పోతానన్నాను.

ఆ మాట పనిచేసింది. మర్నాడే అటక మీది హార్మోనియం పెట్టె దింపి దుమ్ము దులిపాడు. చిన్నప్పుడు వాళ్ల ఊరి భజన మండలిలో వాయించేవాడట. రెండు మెట్లు పలకకపోతే స్కూటరు మీద జగిత్యాలకు మోసుకుపోయి బాగు చేయించుకొచ్చాడు. వీధిలో చిన్నపిల్లలు బడి లేక ఊరి మీద పడి తిరుగుతున్నారు కాబట్టి వాళ్లకు ఉచితంగా నేర్పుతానన్నాడు. నేను సంతోషించాను. సిరిసిల్లలో మరమగ్గాల చప్పుడు మధ్య పెరిగినదాన్ని, హార్మోనియం మోత నాకో లెక్క కాదు.

అంతటితో ఆగితే ఆయన నరేందర్ సారు ఎందుకవుతాడు? దానికో షరతు పెట్టాడు. పిల్లల వెంట తల్లో తండ్రో, లేకపోతే ఇంట్లో ఇంకో పెద్ద మనిషో ఉంటేనే చేర్చుకుంటాడు. ఊరికే తోడు వచ్చి కూర్చోవడం కాదు, ముందు ఆ పెద్దవాళ్లే నేర్చుకోవాలి. పిల్లలు చూస్తూ ఉండాలి. చూసి చూసి, నేనూ వాయిస్తానని నోరు తెరిచి అడిగేదాకా పెట్టె ముట్టనివ్వడు. ఎప్పుడో ట్రైనింగుకు హైదరాబాదు పోయినప్పుడు, ఏదో దేశంలో పిల్లలకు సంగీతం ఇట్లాగే నేర్పుతారని విన్నాడట. అప్పటి నుంచి ఆ ముచ్చట కడుపులో పెట్టుకుని ఉన్నాడు.

మా పిల్లలిద్దరి చదువూ నా చేతుల మీదే నడిచింది. పెద్దవాళ్లు వెంట ఉండాలన్న సంగతి అప్పుడు ఈయనకు ఎందుకు తోచలేదో నేను అడగలేదు. అడిగితే దింపిన పెట్టెను మళ్లీ అటక ఎక్కిస్తాడేమోనని భయం.

తండ్రులెవరూ రాలేదు, రావడానికి ఉంటే గదా. మా వీధిలో సగం మంది మగవాళ్లు దుబాయిలోనో మస్కట్‌లోనో ఉన్నారు. తల్లులు వచ్చారు. మగ దిక్కుగా మనుమడిని తీసుకుని రాజలింగం తాత ఒక్కడు వచ్చాడు. ఆయన గోడకు ఆనుకుని కూర్చుంటే సరిగమలు మొదలు కాకముందే గుర్రు మొదలయ్యేది.

వచ్చినవాళ్లలో రాధిక ఒకతె. మా ఇంటి వెనక సందులో ఉంటుంది. పుట్టిల్లు వెల్గటూరు. భర్త జలపతి మస్కట్‌లో పని చేస్తాడు. ఇంట్లో ఆమె, అత్త నాగవ్వ, ఆరేళ్ల బిడ్డ గంగోత్రి. అత్తాకోడళ్లిద్దరూ బీడీలు చేస్తారు. పెత్తనం నాగవ్వది. బిడ్డ చదువు కోసమంటున్నారు గదా, పొద్దున ఆ కాసేపు పోయి రమ్మని ఆమే పంపింది. తిరిగి రావడం కొంచెం ఆలస్యమైతే మా గేటు దగ్గరికి వచ్చి దగ్గేది.

మిగతా తల్లులకు ఇది ఒక తప్పనిసరి తద్దినం. పిల్లలు ఎప్పుడు అడుగుతారా, తమకు ఎప్పుడు విడుదల అవుతుందా అని చూసేవాళ్లు. రాధిక అట్లా కాదు. మొదటి రోజు పెట్టె ముందు కూర్చున్నప్పుడు చేతులు కొంగుకు తుడుచుకుంది, తంబాకు వాసన అంటుతుందేమోనని. ఆ తర్వాత ఆమెను లేపడం కష్టమైంది. ఇంట్లో పెట్టె లేదు కాబట్టి బీడీల చాట అంచు మీద చాక్‌పీసుతో మెట్లు గీసుకుంది. ఆకు కత్తిరించడం అయ్యాక, దారం కట్టే ముందు, దొరికిన సందులో ఆ గీతల మీద వేళ్లు నడిపేదట. మా ఆయన వారమంతా అనుకున్న పాఠం ఆమెకు రెండు పూటల్లో వచ్చేసేది. వేళ్లు అంత చురుకు.

పాఠాలు అంత తొందరగా ఎట్లా వస్తున్నాయని ఒకసారి అడిగాను.

"బీడీ చేసేటప్పుడు చెయ్యి దాని మానాన అది నడుస్తది అక్కా. నేను ఏడనో ఉంట. గిది వాయించేటప్పుడు నేను ఈడనే ఉంట."

ఆ మాట నాకు చాలా రోజులు గుర్తుండిపోయింది. నా ఇంట్లో ఇన్నేళ్లుగా పెట్టె ఉన్నా నేను ఏనాడూ దాని మీద చెయ్యి వేయలేదు. వేయాలని కూడా అనిపించలేదు. ఆమెకు మాత్రం అన్నం కన్నా అదే ఎక్కువైంది. చూస్తుంటే ముచ్చటేసేది, కొంచెం కుళ్లుగా కూడా ఉండేది.

చిక్కంతా గంగోత్రితో. మిగతా పిల్లలు ఒకరి వెనక ఒకరు అడిగేశారు. అడిగినవాళ్లు మెట్లు నొక్కితే, పక్కన కూర్చున్న పెద్దవాళ్లు తిత్తి కొట్టి గాలి ఆడించేవాళ్లు. అంత చిన్న చేతులకు రెండు పనులూ అందవు. మా ఆయన పద్ధతిలో పిల్లకు రాగం, తల్లికి గాలి. గంగోత్రి మాత్రం నోరు విప్పలేదు. తల్లి వాయిస్తుంటే కాసేపు చూసి, లేచి నా వంటింట్లోకి వచ్చేది. నాతో పాటు బియ్యంలో రాళ్లు ఏరేది, చిక్కుడుకాయలు తుంచేది. ఎన్ని పనులు చెప్పినా చేసేది. పెట్టె దగ్గరికి పొమ్మంటే మాత్రం వినిపించనట్టు ఊరుకునేది.

ఇంకా ఆసక్తి పుట్టలేదు, పుడుతుంది అని మా ఆయన ఓపిక పట్టాడు. ఆయన ఓపిక దసరా దాకానే. బతుకమ్మ రోజుల్లో ఒక పూట శిబిరంలో పిల్లల కార్యక్రమం పెడదామని సమ్మె చేసే సార్లు అడిగారు. ఈయన పొంగిపోయి, పిల్లలూ పెద్దలూ జంటగా వాయిస్తారని మాటిచ్చి వచ్చాడు. ఆ రోజుకల్లా వాయించని పిల్ల ఉంటే ఆ చోటు ఇంకొకరికి ఇస్తానన్నాడు. చేరాలని చూసే పిల్లలు చాలామంది ఉన్నారు. మాది చిన్న అర్ర, ఉన్నది ఒక్క పెట్టె.

రాధిక ముఖం పాలిపోయింది. బిడ్డ మానేస్తే తనూ మానేయాలి. బిడ్డ లేకుండా తనొక్కతె వచ్చి కూర్చుంటానంటే నాగవ్వ గడప దాటనివ్వదు. వీధి అంతకన్నా దాటనివ్వదు. మొగడు దేశం కాని దేశంలో కష్టపడుతుంటే, ఈమె సారు ఇంట్లో కూర్చుని హార్మోనియం నేర్చుకుంటోందంటారు. బిడ్డ కోసమంటే అందరి నోళ్లూ మూతపడతాయి.

ఆమె గంగోత్రిని బుజ్జగించింది, పల్లీ పట్టీలు కొనిపెట్టింది, ఒకసారి వీపు మీద ఒకటి వేసింది కూడా. చివరికి ఒకరోజు ఆ పిల్ల వచ్చి, ఎక్కం అప్పజెప్పినట్టు, "నేను గూడ వాయిస్త సార్" అంది. మా ఆయన కళ్లు మెరిశాయి. గంగోత్రి కూర్చుని బతుకమ్మ పాట వరుస మొదటి నుంచి చివరిదాకా నొక్కింది. ఎక్కడా తప్పు పోలేదు. ముక్కు తుడుచుకుని వంటింట్లోకి వచ్చేసింది.

కార్యక్రమం రోజు బస్టాండు ముందర జనం బాగానే ఉన్నారు. టెంటు కింద టార్పాలిన్ పరిచి, మధ్యలో హార్మోనియం పెట్టి, దాని ముందు మైకు పెట్టారు. బీడీలు చేసే ఆడవాళ్లు ఒక దిక్కు కూర్చున్నారు. వాళ్లలో నాగవ్వ ఉంది. మనుమరాలు వాయిస్తుందని వీధంతా చెప్పుకుని వచ్చింది.

జంటలు ఒక్కొక్కటే వచ్చి పోయాయి. రాజలింగం తాత నిద్రపోకుండా తిత్తి కొట్టాడు, అందుకు వేరేగా చప్పట్లు పడ్డాయి. తర్వాత రాధిక, గంగోత్రి వచ్చి కూర్చున్నారు. రాధిక గాలి ఆడించింది. గంగోత్రి వేళ్లు మెట్ల మీద పెట్టింది గానీ నొక్కలేదు. జనాన్ని చూసింది, తల్లిని చూసింది. తర్వాత చేయి తీసేసింది.

"నాకద్దు అమ్మా. నువ్వు వాయించు, నీకే మంచిగస్తది. నేను గాలి కొడుత."

మెల్లిగానే అంది. కానీ ఎదురుగా మైకు ఉంది. ఆ మాట బస్టాండు అవతల కంకులు అమ్మేవాళ్లకు కూడా వినిపించింది. జనం నవ్వారు. గంగోత్రి లేచి ఆ పక్కకు పోయి, రెండు చేతులతో తిత్తి పట్టుకుంది. తల్లి కుడిచేయి తీసి మెట్ల మీద పెట్టింది.

రాధిక లేచి వచ్చేస్తుందనుకున్నాను. ఆమె స్థానంలో నేనుంటే అదే చేసేదాన్ని. ఆమె లేవలేదు. తల వంచుకుని వాయించింది. మా ఆయన నేర్పిన వరుస అయిపోయినా ఆగలేదు. నేర్పనిది కూడా వాయించింది. ఆడవాళ్లు కూర్చున్న చోటనే గొంతు కలిపారు. గంగోత్రి పళ్లు బిగించి, ఒళ్లంతా ఊపుతూ గాలి కొట్టింది. నాకు ఒళ్లు పులకరించింది. ఇంతకన్నా ఎట్లా చెప్పాలో నాకు తెలియదు.

పాట అయ్యాక చప్పట్లు చాలాసేపు కొట్టారు. నాగవ్వ కొట్టలేదు. లేచి, కొంగు దులుపుకుని, ఎవరితోనూ మాట్లాడకుండా ఇంటికి పోయింది.

మర్నాడు తల్లీబిడ్డా రాలేదు, ఆ మర్నాడూ రాలేదు. నేనే వాళ్లింటికి పోయాను. రాధిక చాట ఒళ్లో పెట్టుకుని తల ఎత్తకుండా బీడీలు చేస్తోంది. చాట అంచు మీద గీతలు లేవు, తడిగుడ్డతో తుడిచేసినట్టుంది. నాగవ్వ నన్ను కూర్చోబెట్టి చాయ్ ఇచ్చింది. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. ఆమె కూడా ఎనిమిదేళ్ల వయసు నుంచీ బీడీలు చేస్తోందట. నడుం పోయింది, కళ్లు పోతున్నాయి. తన కాలంలో తనకు ఏమి ఇష్టమో ఎవరూ అడగలేదంది. పిల్ల పేరు చెప్పి రాధిక తన ఇష్టం కోసం పోయినందుకే ఆమెకు బాధ. వీధిలోవాళ్లు అప్పుడే మస్కట్‌కు ఫోన్లు చేసి చెప్పారట, నీ పెండ్లాం రోడ్డు మీద కూర్చుని పెట్టె వాయించిందని.

"పోరి కోసమంటే నేను అద్దంటినా బిడ్డా. నన్ను గింత పిచ్చిదాన్ని చేసుడెందుకు" అంది నాగవ్వ.

చాయ్ తాగి లేచాను. ఇంటికి వచ్చి నా కోపమంతా మా ఆయన మీద తీర్చుకున్నాను. రాధికను ఒక్కదాన్నే రానివ్వు, నువ్వే పోయి నాగవ్వతో చెప్పు, సారు మాట వింటుంది అన్నాను. ఈయన ఒప్పుకోలేదు. ఇది పిల్లల తరగతి, పెద్దవాళ్లు పిల్లల కోసం వస్తారు, ఒకరికి షరతు సడలిస్తే అందరికీ సడలించాలి అన్నాడు. ఆయన లెక్కల సారు. రెండు రెళ్లు నాలుగు అని ఎట్లా అంటాడో ఇదీ అట్లాగే అన్నాడు. నేను కూడా తగ్గలేదు. ఆ వారమంతా మా ఇంట్లో పప్పులో ఉప్పు ఎంత పడిందో ఆయనకే తెలుసు, అడగడానికి మాత్రం ధైర్యం చేయలేదు.

అట్లా ఉండగా ఒకరోజు పొద్దున గేటు చప్పుడైంది. గంగోత్రి నాగవ్వ చేయి పట్టుకుని, బర్రెను లాక్కొచ్చినట్టు లాక్కొస్తోంది. ఏడ్చి ఏడ్చి పిల్ల కళ్లు ఉబ్బి ఉన్నాయి. పెట్టె నేర్చుకుంటానని నిన్నటి నుంచీ అన్నం ముట్టలేదట. కొడితే కూడా వినలేదట. నాగవ్వకు మనుమరాలంటే ప్రాణం.

"నేర్సుకుంటనంటున్నది సారూ. కూసోబెట్టుకో" అని వెనక్కి తిరిగింది.

మా ఆయన ఆమెను ఆపాడు. వెంట పెద్దవాళ్లు ఉండాలన్నాడు. నేనుంటానంది నాగవ్వ. ఉంటే సరిపోదు, నేర్చుకోవాలన్నాడు ఈయన. నేను వంటింట్లోంచి వింటూ నుదురు కొట్టుకున్నాను. నాగవ్వ కూడా మొండి మనిషి. ఏముంది అందులో, నా కోడలికి వచ్చినది నాకు రాదా అని కొంగు బిగించి పెట్టె ముందు కూర్చుంది.

ఆ తర్వాత జరిగినది చూడటానికి నేను పొయ్యి ఆర్పి మరీ వచ్చాను. నాగవ్వ తిత్తి కొడితే వేళ్లు ఆగేవి, వేళ్లు కదిలితే తిత్తి ఆగేది. బీడీలకు అలవాటైన వేళ్లు మెట్లను నొక్కడం మాని మెలిపెట్టబోయేవి. స దగ్గర మొదలుపెట్టి గ దాకా పోయేసరికి నడుం పట్టేసింది. మా ఆయన మాత్రం ఏ మాత్రం నవ్వకుండా, మళ్లీ మొదటి నుంచి అమ్మా అనేవాడు. పక్కన గంగోత్రి నానమ్మనే చూస్తూ కూర్చుంది, కదలకుండా. నాగవ్వ మర్నాడు కూడా వచ్చింది. ఆ మర్నాడు నడుముకు గుడ్డ కట్టుకుని వచ్చి, సగంలో లేచి నిలబడింది.

"నాతోని కాదు సారూ. గా పోరి తల్లినే పంపుత. గీ నడుం నొప్పి నాకెందుకు" అని చెప్పులు వేసుకుంది. గేటు దాకా పోయి మళ్లీ తిరిగి, నాకు వినపడేటట్టు, "అంత సేపు ఎట్ల కూసుంటదో అది" అంది.

ఆ గొంతులో కోపం లేదు. కోడలి పని కష్టమైనదని ఆమె నోట మొదటిసారి విన్నాను.

రాధిక మర్నాడే వచ్చింది. ఏమీ జరగనట్టే పెట్టె ముందు కూర్చుంది, చేతులు కొంగుకు తుడుచుకుంది. ఆ రోజు నుంచి గంగోత్రి ఒక్క పూట తప్పలేదు. వచ్చీ రాగానే ముందు తనే కూర్చునేది. సారు ఇచ్చిన పాఠం తప్పు లేకుండా వాయించి, చూపించి, లేచేది. మిగిలిన సమయం తల్లిది. వాయించిన పిల్లకు తల్లి వెంట ఉండాలి గదా, షరతు ప్రకారం అంతా సవ్యంగా ఉంది.

మా ఆయన సంబరం చెప్పనలవి కాదు. తల్లి అందరి ముందు వాయించేసరికి పిల్లలో ఆసక్తి పుట్టింది, చూశావా అన్నాడు. ఆ ఆసక్తి ఎంత గట్టిదంటే అన్నం కూడా మానేసింది అన్నాడు. శిబిరంలో కూడా అందరికీ చెప్పాడు.

నాకూ అదే నిజమనిపించింది. ఒకరోజు పాఠం అప్పజెప్పి వంటింట్లోకి వచ్చిన గంగోత్రి, పీట వేసుకుని చిక్కుడుకాయల గిన్నె ముందు కూర్చుంది. మంచిగ వాయిస్తున్నవు గదనే, ఇప్పుడు ఇష్టమైందా అని అడిగాను.

"లేదు పెద్దమ్మా" అంది, కాయకు పీచు తీస్తూ.

మరి అన్నం మాని అంత ఏడుపు ఎందుకు ఏడ్చావని అడిగాను. ఇంత చిన్న సంగతి తెలియదా అన్నట్టు నా ముఖంలోకి చూసింది.

"నేను నేర్సుకుంటనంటేనే గద అమ్మను పంపుతరు."

కత్తిపీట మీద నా చెయ్యి ఆగిపోయింది. ఆరేళ్ల పిల్ల, తనకు ఇష్టం లేని పని రోజూ తప్పు లేకుండా చేసి, తల్లికి కాసేపు కొనిపెడుతోంది. ముందర గదిలో మా ఆయన కొత్తగా చేరిన ఒక తల్లికి తన పద్ధతి గొప్పతనం వివరిస్తున్నాడు. పోయి చెబుదామనుకున్నాను. చెబితే, ఇష్టం లేని పిల్లకు షరతు ప్రకారం చోటు లేదంటాడేమోనని ఊరుకున్నాను. ఇప్పటికీ చెప్పలేదు.

ఆయన మాటల వెనకాల రాధిక కొత్త పాట సాధన చేస్తోంది. ఒకచోట ఆగింది, వెనక్కి పోయి మళ్లీ అందుకుంది. నాకు బాగానే వినిపించింది. గంగోత్రి తుంచడం ఆపి, తల ఒక పక్కకు వంచి విన్నది.

"మళ్ల గాడనే తప్పు పోతున్నది" అంది నాతో. "ఇంటికి పోయినంక కూసోబెట్టి చెప్పాలె."

ఇంకో కాయ అందుకుని పీచు తీసింది.